డ్వాక్రా బ్యాంకు లింకేజీ రివ్యూ: వడ్డీ చౌక, తిరుగుళ్లు ఖరీదు

ఇడ్లీ బండి నడిపే ఆమెకైనా, ఇంట్లో మిషను మీద జాకెట్లు కుట్టే ఆమెకైనా, తెల్లారకముందే మార్కెట్టుకెళ్లి గంప నింపుకుని వీధులు తిరిగే ఆమెకైనా, ఇంటి పత్రాలూ బంగారమూ అడక్కుండా దొరికే అప్పుల్లో ఇవాళ్టికీ చౌకైనది డ్వాక్రా సంఘం పేరున బ్యాంకిచ్చే అప్పే. బ్యాంకు లింకేజీ అంటే ఇదే. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది. కింద రాసేదాంట్లో ఫిర్యాదులే ఎక్కువ కనిపిస్తాయి కాబట్టి.

వెలుగు, ఐకేపీ, సెర్ప్, ఎన్‌ఆర్‌ఎల్‌ఎం అంటూ ఆఫీసు బోర్డులు ఎన్ని మారినా జనం నోట్లో ఈ ఆడవాళ్ల పొదుపు సంఘాల పథకం డ్వాక్రాయే. 1992లో గ్రామీణాభివృద్ధి బ్యాంకు నాబార్డు 500 సంఘాలతో ప్రయోగంగా మొదలెట్టిన పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది. పది పన్నెండు మంది ఆడవాళ్లు నెలనెలా పొదుపు చేస్తారు. ఆ పొదుపు, ఆ లెక్కలు చూసి బ్యాంకు సంఘం పేరున అప్పిస్తుంది. సంఘం దాన్ని సభ్యులకు పంచుతుంది, వసూలు చేసి కడుతుంది. బ్యాంకు పని సగం ఆడవాళ్లే చేస్తారన్నమాట, అదీ జీతం లేకుండా.

ధర సంగతి

పది మంది, నెలకు తలా 200 పొదుపు అనుకుందాం. ఏడాదికి 24,000. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం మొదటి విడత అప్పు సంఘం మూలనిధికి ఆరు రెట్లు, లేదా కనీసం లక్షన్నర, ఏది ఎక్కువైతే అది. ఆరు రెట్లంటే 1,44,000 మాత్రమే కాబట్టి లక్షన్నర అడగొచ్చు. మూలనిధి అంటే బ్యాంకు పాస్‌బుక్కులో ఉన్న నిల్వ ఒక్కటే కాదు. సభ్యుల పొదుపు, లోపల ఇచ్చుకున్న అప్పుల మీద వచ్చిన వడ్డీ, పథకం నుంచి సంఘానికి వచ్చిన రివాల్వింగ్ ఫండు, అన్నీ కలిపి. సభ్యుల దగ్గర తిరుగుతున్న డబ్బు కూడా అందులోదే. పాస్‌బుక్కు నిల్వ చూసి 'మీ కార్పస్ ఇంతేనమ్మా' అని లెక్క కట్టేస్తే ఒప్పుకోవద్దు, సంఘం లెడ్జరు ముందు పెట్టండి. రెండో విడతకు ఎనిమిది రెట్లు లేదా కనీసం మూడు లక్షలు. మూడో విడతకు కనీసం ఆరు లక్షలు, దానికి సభ్యుల వారీ రుణ ప్రణాళిక కావాలి.

వడ్డీ మూడు లక్షల దాకా ఏడాదికి 7 శాతం. లక్షన్నర 24 నెలలకు తీసుకుంటే సంఘం నెల కిస్తీ దాదాపు 6,716. తలకు 15,000 పంచుకుంటే ఒక్కొక్కరి వంతు 672, రెండేళ్లలో వడ్డీ మొత్తం 1,118 రూపాయలు. అదే 15,000 ఒక మైక్రోఫైనాన్స్ కంపెనీ దగ్గర 24 శాతానికి (తగ్గే నిల్వ మీదే) తీసుకుంటే కిస్తీ 793, వడ్డీ నాలుగు వేలు దాటుతుంది. చాలా సంఘాలు బ్యాంకు దగ్గర 7కు తెచ్చి సభ్యులకు రూపాయి వడ్డీకి, అంటే 12 శాతానికి ఇచ్చుకుంటాయి. తేడా మూలనిధిలో చేరి వచ్చే విడత అప్పును పెంచుతుంది కాబట్టి అది తప్పేం కాదు. లెక్కల పుస్తకంలో ఆ తేడా విడిగా కనబడాలి, అంతే. కనబడలేదంటే ఎవరి కొంగున ముడి పడిందో అడగాలి.

రాష్ట్ర ప్రభుత్వాల సున్నా వడ్డీని ఈ లెక్కలో కలపలేదు. అది ముందు మీరు వడ్డీతో సహా సక్రమంగా కట్టాక, ప్రభుత్వం విడుదల చేసినప్పుడు ఖాతాలో పడే డబ్బు. పడితే మంచిదే. దాన్ని నమ్ముకుని కిస్తీ తగ్గించి కడితే ఖాతా బకాయిల్లోకి పోతుంది, సక్రమంగా కట్టలేదని ఆ రాయితీకీ అర్హత పోతుంది. మాఫీ మాట విని కిస్తీలు ఆపడం ఇంతకంటే ప్రమాదం. ఎన్నికల ముందు అలా ఆపేసిన సంఘాలకు వడ్డీ మీద వడ్డీ పేరుకుని కొత్త విడత ఆగిపోయింది.

ఇంకో ఖర్చు చాలామంది అడక్కుండానే కట్టేస్తారు. ప్రాసెసింగ్, తనిఖీ చార్జీలు. చిన్న ప్రాధాన్య రంగ అప్పులకు (సంఘం అప్పు ఆ కోవలోదే) వీటిని వేయకూడదు. 25,000గా ఉన్న ఆ పరిమితిని 2025 ఏప్రిల్ నుంచి 50,000 చేశారు, సంఘాలకైతే దాన్ని సంఘం మొత్తానికి కాకుండా తలకు లెక్క కడతారు. పది మంది ఉన్న సంఘానికి ఐదు లక్షల దాకా పైసా చార్జీ పడకూడదన్నమాట. స్టేట్‌మెంటులో పడి ఉంటే తిరిగి వేయమని రాసివ్వండి.

పుస్తకాలే పూచీకత్తు

పది లక్షల దాకా బ్యాంకు పూచీకత్తు అడగకూడదు, మార్జిన్ డబ్బు, అంటే సంఘం తన వంతుగా ముందు వేసే సొమ్ము, అడగకూడదు. మరి దేన్ని నమ్మి ఇస్తుంది? పంచసూత్రాలని పేరున్న ఐదు పనులు సంఘం చేస్తోందా లేదా అని చూస్తుంది: క్రమం తప్పని సమావేశాలు, పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో తిరిగి చెల్లింపు, ఎప్పటికప్పుడు రాసిన లెక్కలు. ఆరు నెలలు ఇలా నడిస్తే మొదటి అప్పుకు అర్హత వస్తుంది. ఆ ఆరు నెలలు సంఘం పుస్తకాల ప్రకారం లెక్క, బ్యాంకు ఖాతా తెరిచిన తేదీ నుంచి కాదు. ఖాతా తెరిచి మూడు నెలలే అయిందంటూ వెనక్కి పంపితే అది నిబంధన తెలియక చెప్పిన మాట. పడుకున్న సంఘమైనా తిరిగి లేచి మూడు నెలలు సరిగ్గా నడిస్తే చాలు.

ఫీల్డ్ ఆఫీసరు పుస్తకం తెరిచినప్పుడు చూసేది ఏమిటో తెలిస్తే సగం తిరుగుళ్లు తగ్గుతాయి. మినిట్స్ పుస్తకంలో పన్నెండు సమావేశాలూ ఒకే సిరాతో, ఒకే చేతిరాతతో, ప్రతిసారీ పదికి పది మంది హాజరుతో ఉంటే అది నిన్న రాత్రి యానిమేటరు (సంఘం లెక్కలు రాసే ఆమె) కూర్చుని రాసిందని అతనికి వెంటనే తెలిసిపోతుంది. నిజం సంఘంలో ఎవరో ఒకరు పుట్టింటికి వెళ్తారు, ఒకరు ఆలస్యంగా పొదుపు కడతారు, దానికి ఐదో పదో జరిమానా రాసుంటుంది. ఆ జరిమానా ఎంట్రీలే పుస్తకానికి విలువ. తర్వాత చూసేది అంతర్గత అప్పులు. పొదుపంతా ఖాతాలో కదలకుండా మురుగుతోందంటే సంఘానికి అప్పు ఇవ్వడం, వసూలు చేయడం అలవాటు లేదని అర్థం. పొదుపు డబ్బు చేతులు మారుతూ ఉండాలి.

అప్పు తీర్మానంలో ఉండాల్సినవి: సమావేశం తేదీ, హాజరైన వాళ్ల సంతకాలు లేక వేలిముద్రలు, ఎంత అడుగుతున్నారు, ఎన్ని నెలలకు, ఎవరికి ఎంత, దేనికి. ఖాతా నడిపే లీడర్ల పేర్లు కూడా. దీంతోపాటు దరఖాస్తు, సభ్యులందరూ ఒకరికొకరు కట్టుబడే ఒప్పందం, బ్యాంకుతో రుణ ఒప్పందం. పొదుపు ఖాతా తెరవడానికి లీడర్ల కేవైసీ చాలు. అందరి ఆధారూ అడిగి ఖాతా దగ్గరే ఆపేయడం పాత జబ్బు. అప్పు సమయంలో మాత్రం సభ్యులందరి వివరాలు అడుగుతారు.

ఫైలు వెనక్కి వచ్చేది పెద్ద కారణాలతో కాదు. తీర్మానంలో మొత్తం మూడు లక్షలు, సభ్యుల వారీగా కూడితే 2,90,000. లేదా ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు, పాస్‌బుక్కులో అత్తింటి ఇంటిపేరు. ఇంకోటి, లీడరు మారి ఏడాదైనా బ్యాంకులో పాత లీడరు సంతకమే ఉండటం. పేరు తేడా ఉన్న సభ్యుల పట్టీ ఒకటి రాసుకుని అప్పు అడగడానికి రెండు నెలల ముందే ఆధార్ కేంద్రంలో సరిచేయించుకోండి. లీడర్ల మార్పుకు వేరే తీర్మానం రాసి, కొత్త వాళ్ల కేవైసీ ఇచ్చి, సంతకాలు మారినట్టు పాస్‌బుక్కులో చూసుకున్నాకే రుణ ఫైలు పెట్టండి. రెండూ ఒకేరోజు ఇస్తే రెండూ ఆగుతాయి.

కౌంటరు దగ్గర

మార్కులు పోయేది ఇక్కడే. నిబంధన ఒకటి, కౌంటరు మాట ఇంకొకటి.

మొదటిది హోల్డు. అప్పిచ్చి, సంఘం పొదుపు ఖాతాలో డబ్బు తీయకుండా లీన్ పెట్టడం. లేదా 'ఓ యాభై వేలు ఫిక్స్‌డ్ వేయండి, లోన్ చేస్తాం' అనడం. రెండూ చేయకూడదని రిజర్వు బ్యాంకు మాస్టర్ సర్క్యులర్‌లో స్పష్టంగా ఉంది. హోల్డు వల్ల నష్టం ఎంతో చూడండి: పది మంది కష్టం చేసి దాచుకున్న లక్ష రూపాయలు పొదుపు వడ్డీకి పడుంటాయి, అదే సంఘం బయట అంతకంటే ఎక్కువ వడ్డీకి అప్పు తెచ్చుకుంటుంది. పైగా పొదుపు తిరగడం ఆగితే అంతర్గత అప్పులు ఆగుతాయి, అవి ఆగితే అప్పిచ్చే ముందు సంఘానికి వేసే గ్రేడు పడిపోతుంది. బ్యాంకు తన చేత్తోనే తన పూచీకత్తును పాడు చేసుకోవడం.

రెండోది ఒకరి బకాయితో అందరినీ ఆపడం. ఒక సభ్యురాలికో ఆమె భర్తకో పంట రుణం బాకీ ఉందని సంఘం ఫైలు పక్కన పెడతారు. సంఘం తన అప్పు సక్రమంగా కడుతున్నంత వరకు అలా ఆపడానికి లేదు. కాకపోతే ఆ బాకీ ఉన్న సభ్యురాలికి ఈ డబ్బులోంచి ఇవ్వకూడదు. తీర్మానంలో ఆమె పేరెదురుగా సున్నా రాసి పెడితే వాదనకు చోటుండదు.

నోటిమాటతో 'వచ్చే వారం రండి' అంటే లెక్కలోకి రాదు. దరఖాస్తు రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద ముద్ర, తేదీ వేయించుకోండి. కదలకపోతే ఊళ్లోని సంఘాలన్నీ కలిసిన గ్రామ సమాఖ్య ద్వారా మండలంలో ఈ పథకం చూసే అధికారి ఏపీఎంకు, మండల స్థాయి బ్యాంకర్ల సమావేశానికి పంపండి. చాలా ఫైళ్లు అక్కడే కదులుతాయి. హోల్డు లాంటి నిబంధన ఉల్లంఘనకైతే బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. టోల్ ఫ్రీ నంబరు 14448. రుసుము లేదు, వకీలు అక్కర్లేదు.

తిరుగుళ్ల ఖర్చు ఏ పట్టికలోనూ కనబడదు. ఇద్దరు లీడర్లు ఒక పూట బ్యాంకుకు వెళ్తే రెండు కూలీలు, ఆటో కిరాయి. బండి మీద బతికేవాళ్లకు ఆ రోజు వ్యాపారమే పోతుంది. ఐదారు సార్లు తిరిగితే 7 శాతం అప్పు ఆ లీడర్లిద్దరి వరకు చౌకగా మిగలదు. ఆ ఖర్చు సంఘం నుంచి ఇచ్చేలా ముందే తీర్మానం రాసుకునే సంఘాలు ఉన్నాయి. మంచి పద్ధతి.

డబ్బు చేతికొచ్చాక చెడేవి

అన్నిటికంటే పెద్ద లోపం సమాన పంపకం. మూడు లక్షలు, పది మంది, తలా ముప్పై వేలు. గొడవ లేదు. కానీ కూరగాయలు అమ్మే ఆమెకు ఐదు వేలు చాలు, గేదె కొనే ఆమెకు ముప్పై ఏ మూలకూ చాలదు. మొదటామె మిగిలిన పాతిక వేలు పక్కింటికి రెండు రూపాయల వడ్డీకి తిప్పుతుంది, రెండో ఆమె మిగతా సొమ్ముకు వడ్డీ వ్యాపారి దగ్గరికి పోతుంది. సభ్యుల వారీ రుణ ప్రణాళిక అన్న కాగితం ఉన్నదే దీన్ని ఆపడానికి. దాన్ని యానిమేటరు ఒక్కతే కూర్చుని నింపితే ప్రయోజనం లేదు.

రెండోది బినామీ. లీడరు నలుగురి వాటా తీసుకుని 'కిస్తీ నేనే కడతాలే' అంటుంది. ఆమె ఆగిపోయిన రోజున సంతకం పెట్టిన పది మందీ బాధ్యులే.

మూడోది చాలామందికి తట్టనిది. సంఘానికి పొదుపు ఖాతా ఒకటి, లోన్ ఖాతా ఇంకొకటి. కిస్తీ డబ్బు తీసుకెళ్లి పొదుపు ఖాతాలో వేసి వస్తారు. లోన్ ఖాతాకు మళ్లించమని చెప్పరు, లేదా చెప్పినా మళ్లదు. పాస్‌బుక్కులో నిల్వ కళకళలాడుతుంటుంది, లోన్ ఖాతా 90 రోజులు దాటి మొండి బకాయి కింద పడుతుంది. దీనికి మందు సులువు: ప్రతినెలా ఒక తేదీకి పొదుపు నుంచి లోన్‌కు తానంతట మళ్లేలా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ రాసివ్వడం, ఆ తేదీకి రెండ్రోజుల ముందు సమావేశం పెట్టుకోవడం. నగదు ఇంకెవరి చేతికైనా ఇచ్చి పంపితే బ్యాంకు కౌంటరు ఫాయిలు వచ్చే సమావేశంలో పుస్తకానికి అంటించాలి. ఎస్సెమ్మెస్ ఎవరి నంబరుకు వస్తోందో కూడా చూడండి. యానిమేటరు ఫోనుకు వస్తుంటే వెంటనే మార్పించండి. కిస్తీలు మాయమైన చోటల్లా ఆ సందేశాలు చూడాల్సిన వాళ్లు చూడలేదనే తేలుతుంది.

టర్మ్ లోనా, క్యాష్ క్రెడిటా అని అడిగితే: రోజువారీ వ్యాపారాలున్న సంఘానికి క్యాష్ క్రెడిట్ మేలు. వాడిన డబ్బుకే వడ్డీ, కట్టింది మళ్లీ తీసుకోవచ్చు. అయితే లెక్కలు సరిగ్గా రాయని సంఘం దాని జోలికి పోకూడదు. ఎవరు తీశారో ఎవరు కట్టారో ఆరు నెలలకే తెలియకుండా పోతుంది. గేదెలు, మగ్గాలు, మిషన్లు కొనేవాళ్లకు ఒక్కసారి తీసుకుని కిస్తీల్లో తీర్చే టర్మ్ లోన్ మేలు. మొదటి విడతకు 24 నుంచి 36 నెలల గడువు ఉంటుంది, నెలకోసారి కాకుండా మూడు నెలలకోసారి కట్టే వీలూ ఉంది. పాల మీద, కూలి మీద బతికేవాళ్లకు నెల కిస్తీయే నయం, చేతిలో డబ్బు మూడు నెలలు ఆగదు.

ఊళ్లో బ్యాంకు పాయింటు

పొదుపు, పింఛను లాంటి చిన్న మొత్తాలకు బ్యాంకు మిత్ర పాయింటు, అంటే ఊళ్లోనే బ్యాంకు తరఫున డబ్బు తీసుకుని ఇచ్చే మనిషి, నిజంగా పనికొస్తుంది. ఆధార్‌తో ఒకసారికి పది వేల దాకా. చిక్కల్లా వేలిముద్రతో. అంట్లు తోమి, కలుపు తీసి, మగ్గం నేసి అరిగిన వేళ్లను మెషిను గుర్తుపట్టదు. చేయి కడిగి తుడుచుకుని వేరే వేళ్లు ప్రయత్నించాలి, ఆధార్ కేంద్రంలో బయోమెట్రిక్ కొత్తగా ఇచ్చుకుంటే చాలామందికి పని జరుగుతుంది. ఖాతాలో డబ్బు కోత పడి చేతికి రాకపోతే స్లిప్పు అడిగి దాచుకోండి. ఐదు రోజుల్లో తిరిగి పడాలి, దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం బ్యాంకే ఇవ్వాలి. డబ్బిచ్చేటప్పుడు వెయ్యికి పదో ఇరవయ్యో కోసుకోవడం కుదరదు, వాళ్ల కమీషన్ బ్యాంకు ఇస్తుంది.

పోటీలో ఉన్నవి

స్త్రీనిధి 2011లో మొదలైన సమాఖ్యల సొంత సహకార సంస్థ. దీని బలం వేగం: 48 గంటల్లో అప్పు అన్న లక్ష్యంతోనే పెట్టారు. వడ్డీ లింకేజీ కంటే ఎక్కువే. ఆస్పత్రి, ఫీజులు, సీజను సరుకు లాంటి ఆగలేని పనులకు ఇది వాడి, పెద్ద పెట్టుబడికి లింకేజీ వాడటం తెలివి.

మైక్రోఫైనాన్స్ కంపెనీలు ఇంటికొచ్చి ఇస్తాయి, తిరుగుళ్లుండవు. ఆ ఒక్క సుఖానికే ఎంతోమంది అంత వడ్డీకి ఒప్పుకుంటారు, దాన్ని తప్పు పట్టలేం. 2022 ఏప్రిల్ నుంచి వాటికి వర్తించే నిబంధనలు మాత్రం తెలిసుండాలి. ఇంటి మొత్తం నెల ఆదాయంలో కిస్తీలన్నీ కలిపి సగం దాటకూడదు. వడ్డీ, చార్జీలు అన్నీ కలిపిన రేటు ఫ్యాక్ట్‌షీట్‌లో రాసివ్వాలి. ముందే కట్టేస్తే జరిమానా లేదు. ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత వసూలుకు ఫోను చేసి వేధించకూడదు.

'రూపాయి వడ్డీయే' అన్న మాటకు మోసపోవద్దు. 50,000కు ఏడాదికి 12 శాతం చొప్పున రెండేళ్ల వడ్డీ ముందే కలిపి 62,000 చేసి 24 కిస్తీలు వేస్తే, కిస్తీ 2,583. అసలు తగ్గుతున్నా వడ్డీ తగ్గదు కాబట్టి నిజమైన రేటు 21 శాతం పైనే. ఇక తొమ్మిది వేలు చేతిలో పెట్టి రోజుకు 100 చొప్పున వంద రోజులు వసూలు చేసే డైలీ ఫైనాన్సు ఏడాదికి 77 శాతం దాకా పడుతుంది. నెలకు ఆరు రూపాయల పైచిలుకు వడ్డీ.

సంఘం దాటి ఎదిగేవాళ్లకు

లింకేజీలో నాకు నచ్చనిది ఇదొక్కటే కాదు గానీ, ఇదే ముఖ్యం: పదిహేనేళ్లు ఒక్క కిస్తీ తప్పకుండా కట్టిన ఆమెకు కూడా, సొంతంగా రెండు లక్షలు కావాలంటే బ్యాంకు మళ్లీ మొదటి నుంచి అడుగుతుంది. చరిత్రంతా సంఘం పేరున ఉంటుంది. అహ్మదాబాద్‌లో 1974లో నాలుగు వేల మంది ఆడవాళ్లు తలా పది రూపాయల వాటా వేసి సేవా బ్యాంకు పెట్టుకున్నప్పుడు, ఆమె పేరునే ఖాతా, సంతకం రాకపోతే ఫొటోతో పాస్‌బుక్కు అని పెట్టుకున్నారు. మనవైపు ఆ దారి సన్నంగా ఉంది.

ఉన్నంతలో చేయగలిగినవి: పట్టణాల్లో బండి, బుట్ట వ్యాపారాలకు పీఎం స్వనిధి. 2025లో మార్చాక మొదటి అప్పు 15,000, సకాలంలో కడితే 25,000, ఆపైన 50,000, వడ్డీలో 7 శాతం రాయితీ. మున్సిపాలిటీ ఇచ్చే వెండింగ్ సర్టిఫికెట్ గానీ సిఫార్సు లేఖ గానీ కావాలి. ఎక్కడైనా సరే 50,000 దాకా పూచీకత్తు లేకుండా ముద్ర పథకంలోని శిశు రుణం. రెంటికీ పనికొచ్చేది ఒకటే, అమ్మకాల డబ్బు ఆమె సొంత ఖాతాలో కనబడటం. దుకాణం క్యూఆర్ కోడ్ కొడుకు పేరునో భర్త పేరునో ఉంటే టర్నోవరంతా వాళ్లదవుతుంది. అది ఆమె ఖాతాకు మార్పించాలి. అందరి అప్పుల చరిత్ర రాసిపెట్టే క్రెడిట్ బ్యూరో ఏదైనా ఏడాదికొక రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. తీర్చేసిన అప్పు ఇంకా బాకీ అని చూపిస్తోందేమో అందులో చూసుకుని, అలా ఉంటే నో డ్యూ కాగితం జతచేసి సరిచేయమని ఆ బ్యూరోకూ, అప్పిచ్చిన సంస్థకూ ఇద్దరికీ రాయాలి.